‘సృజనాత్మకత – 10 మార్కులు’: ప్రాజెక్టు రూబ్రిక్‌లో ఆ గడిని ఎలా నింపాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక అఫిలియేటెడ్ ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా ప్రాజెక్టు కోఆర్డినేటర్ బాధ్యత తీసుకున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ అడుగుతున్నారు: ఫైనలియర్ ప్రాజెక్టు రూబ్రిక్‌లో (ఏ అంశానికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ‘సృజనాత్మకత’ అని 10 మార్కుల గడి ఉంది. ఒకే బ్యాచ్‌కి ఒక సార్ 9 వేస్తే ఇంకో మేడమ్ 4 వేస్తున్నారు. విద్యార్థులేమో ‘కొత్తది చేస్తే రిస్కెందుకు అంటారు, పాతది చేస్తే కొత్తదనం ఏదీ అంటారు’ అని గొణుగుతున్నారు. అసలు అధ్యాపకులు క్రియేటివిటీ అన్నప్పుడు వాళ్ల మనసులో ఏముంటుంది? గొడవ లేకుండా మార్కులు వేసే దారి ఉందా?

ఉంది. కానీ ముందు ఆ 9కీ 4కీ తేడా ఎక్కడ పుడుతోందో చూడాలి. ఒకరు ఉదారంగా, ఇంకొకరు పిసినారిగా వేస్తున్నారని సరిపెట్టుకుంటే ఏ రూబ్రిక్ పెట్టినా ఇదే జరుగుతుంది. ఇద్దరూ చూస్తున్నది ఒకటి కాదు.

మన డిపార్ట్‌మెంట్లలో ఈ గడిని నింపేవాళ్లలో ఎక్కువమంది చూసేది టైటిల్‌ని. ‘డీప్ లెర్నింగ్’, ‘బ్లాక్‌చైన్’, ‘ఐఓటీ’ అన్న మాట అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యంలో కనబడితే 7 నుంచి మొదలుపెడతారు. రెండో రకం వాళ్లు అవుట్‌పుట్‌ని చూస్తారు. ‘రన్ అవుతోందా? సరే’ అని 8 వేసేస్తారు. వాళ్ల లెక్కలో పనిచేయడమే సృజన. మూడో రకం మనిషిని చూస్తారు. ‘ఆ అమ్మాయి చురుకు, ఆ పిల్లాడికి పుట్టుకతోనే వచ్చింది’ అని మొదటి ఏడాదిలో ఏర్పడ్డ అభిప్రాయం నాలుగో ఏడాది వైవా దాకా అలాగే నడుస్తుంది. ఇంకొందరు సీనియర్లకి ఆ గడే అనవసరం: ‘ముందు బేసిక్స్ రానివ్వండి, క్రియేటివిటీ తర్వాత చూద్దాం’. విద్యార్థి ఏ దారులు వెతికాడు, ఏది వదిలేశాడు, ఎందుకు వదిలేశాడు అని చూసేవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. సాధారణంగా తక్కువ మార్కులు వేసేది వాళ్లే, ఎందుకంటే ఆ సమాచారం రిపోర్టులో ఎక్కడా దొరకదు.

‘బేసిక్స్ ముందు’ అన్నవాళ్ల మాట సగం నిజం. ట్రాన్సిస్టర్ బయాసింగ్ తెలియనివాడు యాంప్లిఫైయర్‌ని కొత్తగా మార్చలేడు. తప్పల్లా ఆ ‘తర్వాత’ అన్న మాటలో ఉంది. ఏడు సెమిస్టర్లు ‘మాన్యువల్‌లో ఉన్నట్టే చెయ్యి’ అని చెప్పి, ఎనిమిదో సెమిస్టర్‌లో ‘ఇప్పుడు కొత్తగా ఆలోచించు’ అంటే ఎక్కడి నుంచి వస్తుంది? బేసిక్స్ నేర్పే పద్ధతిలోనే దానికి చోటుండాలి. దీనికి కింద ఒక ల్యాబ్ ఉదాహరణ ఇస్తాను.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో కజెరూనియన్, ఫోలీ అనే ఇద్దరు 2007లో మెకానికల్ డిజైన్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంజనీరింగ్ అధ్యాపకులు సృజనాత్మకతకు విలువిస్తామనే చెప్పారు, అది విద్యార్థుల్లో కొరవడిందన్నారు. విద్యార్థులేమో తమ చదువులో దానికి ప్రోత్సాహం దాదాపు కనబడలేదన్నారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అధ్యాపకులు విలువిస్తున్నది మనసులో. విద్యార్థికి కనబడేది మార్కుల షీట్. బడి స్థాయిలో 1995లో వెస్ట్‌బీ, డాసన్ చేసిన పని ఇంకా చేదుగా ఉంటుంది. ప్రాథమిక పాఠశాల టీచర్లు ‘నాకు ఇష్టమైన విద్యార్థి’ అని వర్ణించిన లక్షణాలు సృజనశీలి లక్షణాలకు ఎదురుదిశలో తేలాయి. మన క్లాసులో మధ్యలో లేచి ‘సార్, అదే ఎందుకు, ఇలా చేస్తే?’ అని అడిగేవాడికి ‘ఓవర్ యాక్షన్’ అన్న పేరు ఎంత తొందరగా వస్తుందో తెలిసిందే కదా.

ఇక అసలు విషయానికి. రెండు ప్రాజెక్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ మన కాలేజీల్లో ఏటా కనబడే టైటిళ్లే.

మొదటిది ‘బ్లాక్‌చైన్ ఆధారిత హాజరు విధానం’. టైటిల్ చూసి 8 పడుతుంది. ఒక్క ప్రశ్న వేసి చూడండి: ‘ఈ నోడ్లన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి?’ కాలేజీ సర్వర్‌లోనే, ఒకే అడ్మిన్ కింద ఉంటే, బ్లాక్‌చైన్ చేసే పని మామూలు డేటాబేస్‌లో మార్పుల లాగ్ పెట్టినా అవుతుంది. ఒకరినొకరు నమ్మని పక్షాలు చాలా ఉన్నప్పుడు పనికొచ్చే ఏర్పాటు అది. ఇక్కడ ఎవరు ఎవరిని నమ్మడం లేదు? విద్యార్థి దీనికి ‘ప్రాక్సీ హాజరు ఆగుతుంది’ అంటే, అది కూడా కాదు. తప్పుడు హాజరు లోపలికి వచ్చాక దాన్ని చెరపకుండా కాపాడటమే అది చేయగలిగేది. టైటిల్ కొత్తది, సమస్యకూ దానికీ సంబంధం లేదు.

రెండోది ‘మట్టి తేమను బట్టి మోటారు ఆన్–ఆఫ్’. ఆర్డ్యునో, తేమ సెన్సర్, రిలే, చిన్న పంపు, ఒక టబ్బులో మట్టి. ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడు) వచ్చి ‘మళ్లీ ఇదేనా’ అని 3 వేస్తారు. చాలా బ్యాచ్‌లకు అది న్యాయమే. సెన్సర్‌ని నీళ్ల గ్లాసులో ముంచి తీసి చూపించడంతో వాళ్ల పని అయిపోతుంది. కానీ ఇదే టైటిల్‌తో వచ్చిన ఒక బ్యాచ్ ఇలా చెప్పిందనుకోండి:

రెండు కాళ్ల రెసిస్టివ్ సెన్సర్‌కి నిరంతరం డీసీ ఇస్తే ఎలక్ట్రోలిసిస్‌తో కొన్ని వారాల్లోనే పూత తినేస్తుంది. అందుకే దాని సప్లైని ఒక డిజిటల్ పిన్‌కి మార్చి, అరగంటకొకసారి కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఇస్తున్నాం. కెపాసిటివ్ సెన్సర్ పెట్టి చూశాం. దాని బోర్డు అంచుల్లోంచి తేమ లోపలికి పోయి రీడింగ్ మారిపోతోంది, అంచులకు ఎపాక్సీ పూస్తే నిలబడింది. ఆన్, ఆఫ్‌లకు ఒకే హద్దు పెడితే రిలే టకటకా కొట్టుకుంటోంది. 30 శాతం కింద ఆన్, 45 దాటితే ఆఫ్ అని రెండు హద్దులు పెట్టాం. నల్లరేగడిలో మట్టి ఎండి బీటలు వారితే సెన్సర్‌కి మట్టి అంటుకోదు, నీళ్లు పెట్టినా ‘ఎండిపోయింది’ అనే చూపిస్తుంది. అందుకే ఎంతసేపు నడిచినా తేమ పెరగకపోతే మోటారు ఆపి రైతు ఫోన్‌కి మెసేజ్ పంపేలా రాశాం.

ఇక్కడితోనే 6 దాటాలి. ఇంకా చెబుతున్నారు: రైతు బోరుది 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, నడిచేటప్పుడు ఫేజుకు దాదాపు 7.5 ఆంప్స్, డైరెక్ట్ స్టార్ట్‌లో దానికి ఆరు రెట్లు. మా బోర్డు మీది 10 ఆంపుల రిలే దాన్ని మోయలేదు. స్టార్టర్ డబ్బా తీసేయకుండా, పచ్చ బటన్‌కి సమాంతరంగా ఒక రిలే కాంటాక్ట్, ఎర్ర బటన్‌కి సిరీస్‌లో ఇంకొకటి పెట్టాం. ఓవర్‌లోడ్ రక్షణ అలాగే ఉంటుంది, మా పెట్టె చెడిపోయినా రైతు చేత్తో నొక్కుకోవచ్చు.

ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్‌లోడ్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) వైపు దాదాపు 33 ఆంప్స్. నాలుగు మోటార్లు నడుస్తుంటే 30 ఆంప్స్, సరిపోతుంది. నాలుగూ ఒక్కసారిగా లేస్తే 180. అందుకని కరెంటు వచ్చాక ప్రతి పెట్టె 1 నుంచి 10 నిమిషాల మధ్య ఏదో ఒక సమయం ఆగి మోటారు వేసేలా మూడు లైన్ల కోడ్ రాశాం. మొదట అది పనిచేయలేదు. అన్ని బోర్డుల్లోనూ ఒకే కోడ్ కాబట్టి ‘ర్యాండమ్’ అన్న ఫంక్షన్ అన్నింటిలోనూ ఒకే వరస అంకెలు ఇచ్చింది, ఆగడం కూడా అందరూ కలిసే ఆగారు. సీడ్‌గా ఒక్కో బోర్డుకి ఒక్కో సంఖ్య ఇచ్చాక సరయింది.

ఈ రెండో ప్రాజెక్టులో కొత్త పరికరం ఒక్కటీ లేదు. ఆ ఆలస్యం పెట్టడానికి ఖర్చు సున్నా. కానీ ఇది ఇంజనీరింగ్ సృజన. టైటిల్ చూసేవారికి ఇది కనబడదు, అవుట్‌పుట్ చూసేవారికి టబ్బులో పంపు తిరగడమే కనబడుతుంది. మనం అడగకపోతే విద్యార్థి కూడా చెప్పడు. రిపోర్టు ఫార్మాట్‌లో ‘ఏం చెడింది’ అన్న అధ్యాయమే లేదు. లిటరేచర్ సర్వే, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, రిజల్ట్స్, కన్‌క్లూజన్, అంతే.

దీని నుంచి రూబ్రిక్ దాకా వెళ్లేముందు ఒక మాట. కొత్తదనం రెండు రకాలు. ప్రపంచానికే కొత్త, ఆ విద్యార్థికి కొత్త. మార్గరెట్ బోడెన్ చేసిన ఈ విభజన బీటెక్ స్థాయిలో చాలా ఉపయోగం. ప్రపంచానికే కొత్తది కావాలని పట్టుబడితే నిజాయితీగా చేసే బ్యాచ్‌లు నష్టపోతాయి, అమీర్‌పేట ప్రాజెక్టు సెంటర్లో ఆ ఏడాది ఐఈఈఈ పరిశోధన పత్రాల నుంచి తీసిన టైటిల్ కొన్నవాళ్లకి మార్కులు పడతాయి. విద్యార్థికి కొత్తదయితే చాలు. అది సొంతంగా వచ్చిందని రుజువు కావాలి, అంతే.

రూబ్రిక్‌లో 10 మార్కుల్ని ఇలా విడగొట్టి పెట్టండి. సమస్యను ఎక్కడికెళ్లి, ఎవరి దగ్గర పట్టుకున్నారు, దాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలుగుతున్నారు: 2. ఎన్ని దారులు పరిశీలించారు, అవి నిజంగా వేర్వేరువేనా, ఎందుకు వదిలేశారు: 3. ఎంచుకున్నది ఆ పరిస్థితుల్లో పనిచేస్తోందా, చెడినప్పుడు ఏం చేశారు: 3. ఆ ఏడాది క్లాసులోని మిగతా బ్యాచ్‌లతో పోలిస్తే కొత్తదనం: 2. కొత్తదనానికి రెండే ఏమిటి అని హెచ్‌వోడీ గారు అడుగుతారు. ఎక్కువ పెడితే మళ్లీ టైటిల్ పోటీ మొదలవుతుంది, అందుకే. అలాగని సున్నా చేయకూడదు. అప్పుడు అన్ని బ్యాచ్‌లూ సురక్షితమైన పాత టైటిళ్లకే పోతాయి.

రెండో అంశంలో ‘నిజంగా వేర్వేరువేనా’ అన్నది ముఖ్యం. డిజైన్ పరిశోధనలో 2003లో షా, వర్గాస్ హెర్నాండెజ్, స్మిత్ ఆలోచనలను నాలుగు కోణాల్లో కొలవమన్నారు: కొత్తదనం, వైవిధ్యం, నాణ్యత, సంఖ్య. ఇప్పుడు సంఖ్యకు విలువ లేదు. చాట్‌జీపీటీని అడిగితే అర నిమిషంలో యాభై ఆలోచనలు ఇస్తుంది. వైవిధ్యం చూడండి. ఆర్డ్యునో, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై అని మూడు ప్రత్యామ్నాయాలు రాస్తే అది ఒక్కటే ఆలోచన, మూడు బోర్డులు. తేమ సెన్సర్‌తో నియంత్రించడం, వాతావరణాన్ని బట్టి టైమర్‌తో నియంత్రించడం, సెన్సరే లేకుండా మట్టి కుండ పాతిపెట్టి ఊరే నీటితో పారించడం: ఇవీ మూడు దారులంటే. మూడోదాన్ని రాసిన బ్యాచ్, దాన్ని వదిలేసినా సరే, ఆ మార్కులకు అర్హులు.

ఈ వైవిధ్యం రాకుండా అడ్డుపడేది మన బేస్ పేపర్ (ప్రాజెక్టుకి ఆధారంగా తీసుకునే పాత పరిశోధన పత్రం) సంప్రదాయం. జీరో రివ్యూకే, అంటే మొట్టమొదటి సమీక్షకే, ‘బేస్ పేపర్ తెచ్చారా?’ అని అడుగుతాం. ఒక నమూనా కళ్లముందు పెట్టాక మనసు దాన్ని వదలదు. జాన్సన్, స్మిత్ 1991లో ఇంజనీరింగ్ విద్యార్థుల మీద, పనిచేసే ఇంజనీర్ల మీద దీన్ని పరీక్షించారు. ముందుగా ఒక ఉదాహరణ చూసినవాళ్లు దాని లక్షణాలను తమ డిజైన్లలోకి తెచ్చుకున్నారు, దానిలో ఉన్న లోపాలతో సహా. మన దగ్గర బేస్ పేపర్‌లోని బ్లాక్ డయాగ్రమ్ అచ్చంగా రిపోర్టులోకి రావడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. చేయాల్సింది చిన్న మార్పు: వరస తిరగేయండి. జీరో రివ్యూకి సమస్య ఒక పేజీ, చేత్తో గీసిన మూడు దారులు. బేస్ పేపర్ రెండు వారాల తర్వాత, ఫస్ట్ రివ్యూకి. లిటరేచర్ సర్వే ఎలాగూ చేయాలి, కానీ తమ బొమ్మ గీశాక చదివితే పోల్చి చూస్తారు, ముందే చదివితే కాపీ కొడతారు.

ఇప్పుడు ఆ ల్యాబ్ ఉదాహరణ. రెండో ఏడాది ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఆర్‌సీ లోపాస్ ఫిల్టర్ ప్రతి కాలేజీలో ఉంటుంది. మాన్యువల్‌లో ఆర్ 10 కిలోఓమ్స్, సీ 0.01 మైక్రోఫారడ్, కటాఫ్ (సిగ్నల్ బాగా తగ్గడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 1.59 కిలోహెర్ట్జ్. విద్యార్థులు సీనియర్ రికార్డు చూసి గ్రాఫ్ ముందే గీసుకొస్తారు. అదే ప్రయోగాన్ని ఇలా మార్చండి: కటాఫ్ 1.6 కిలోహెర్ట్జ్‌కి 5 శాతం లోపు రావాలి, 10 కిలోఓమ్ రెసిస్టర్ ఇవ్వం, డ్రాయర్‌లో ఉన్నవాటితో చేసుకోండి.

అప్పుడు చూడండి. ఒకరు 3.3 కిలోఓమ్స్ మూడు సిరీస్‌లో పెట్టి 9.9 తెస్తారు, లెక్క ప్రకారం 1608 హెర్ట్జ్. ఇంకొకరు 4.7 కిలోఓమ్స్‌కి 0.022 మైక్రోఫారడ్ పెడతారు, 1539, హద్దులోపే. మూడోవారు 22 కిలోఓమ్స్ రెండు సమాంతరంగా పెట్టి 11 తెస్తారు, 1447 వచ్చి హద్దు దాటుతుంది. నాలుగోవారు 1 కిలోఓమ్, 0.1 మైక్రోఫారడ్ అంటారు: లెక్కకు సరిగ్గా 1592, తెలివైన ఎంపికే. కానీ ఫంక్షన్ జనరేటర్‌లోపలి 50 ఓమ్స్ దానికి తోడై కటాఫ్ 1516కి జారిపోతుంది. జనరేటర్ డయల్ మీద పెట్టిన వోల్టేజినే ఇన్‌పుట్‌గా రాసుకున్నవారికి ఈ తేడా కనబడుతుంది. స్కోప్‌లో రెండో ఛానల్‌తో ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఇన్‌పుట్ కొలిచినవారికి కనబడదు. ఇక సిరామిక్ డిస్క్ కెపాసిటర్లయితే ప్లస్ 80, మైనస్ 20 శాతం టాలరెన్స్‌వి కూడా ఉంటాయి. ఈ లెక్కలేవీ అప్పుడు నిలబడవు. క్లాసులో ఎవరో ఒకరు ‘మేడమ్, ముందు ఎల్‌సీఆర్ మీటర్‌తో కెపాసిటర్ కొలిచి, దాన్ని బట్టి రెసిస్టర్ ఎంచుకుంటా’ అంటారు. ఆ విద్యార్థి పేరు అబ్జర్వేషన్ బుక్‌లో రాసి పెట్టుకోవాల్సిందే. దీనికి కొత్త కిట్ అక్కర్లేదు, సిలబస్ మార్చక్కర్లేదు. అదనంగా పట్టేది ముప్పావు గంట, కాబట్టి సెమిస్టర్‌లోని అన్ని ప్రయోగాలనూ ఇలా చేయలేరు. రెండు చేయండి చాలు.

సివిల్ వాళ్లు ‘మాకు కోడ్ ఉంది, మా దగ్గర ఇవన్నీ కుదరవు’ అంటారు. కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 456:2000 స్లాబులో కనీస స్టీలు 0.12 శాతం, కాలమ్‌లో 0.8 శాతం అని చెబుతుంది. కాలమ్ ఎక్కడ పెట్టాలో చెప్పదు. ‘జీ ప్లస్ 5 భవనం విశ్లేషణ, డిజైన్’ అన్న ప్రాజెక్టు పాతదే. కింద పార్కింగ్ ఉందంటే మాత్రం కథ మారుతుంది. 5 మీటర్ల గ్రిడ్‌లో 300 మిల్లీమీటర్ల కాలమ్స్ పోతే మధ్యలో 4.7 మీటర్లే మిగులుతుంది. రెండు కార్లకి 2.5 చొప్పున 5 మీటర్లు కావాలి. గ్రిడ్ 5.3కి జరిపితే పై అంతస్తు గదులు, బీముల లోతు ఎలా మారతాయి? ఈ ప్రశ్న వేసుకుని రెండు గ్రిడ్లకీ స్టీలు, కాంక్రీటు పరిమాణాలు పోల్చిన బ్యాచ్, సాఫ్ట్‌వేర్ ప్రింటవుట్ 80 పేజీలు జోడించిన బ్యాచ్ కన్నా ఎక్కువ చేసినట్టు.

ఇక వైవా. సెక్షన్‌కి 15 బ్యాచ్‌లనుకుంటే, బ్యాచ్‌కి 15 నిమిషాల చొప్పున నాలుగు గంటలకు కొంచెం తక్కువ. ఆ 15 నిమిషాల్లో పది పీపీటీకే పోతోంది. పీపీటీని నాలుగు నిమిషాలకు కుదించి మిగతాది ప్రశ్నలకు ఉంచండి. ఈ మూడు ప్రశ్నలు చాలా పని చేస్తాయి: ‘మొదట అనుకుని వదిలేసింది ఏమిటి?’, ‘ఇందులో ఏ ఒక్క భాగం తీసేసినా పనవుతుంది?’, ‘బడ్జెట్ సగానికి తగ్గిస్తే ఏం మారుస్తావు?’ సొంతంగా చేసిన బ్యాచ్‌లో నలుగురూ ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చెబుతారు. కొనుక్కొచ్చిన బ్యాచ్‌లో నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈ ప్రశ్నలు తెలుగులో అడగండి, జవాబు తెలుగులో చెప్పనివ్వండి. ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే విద్యార్థికి క్రియేటివిటీ గడిలో మార్కులు పెరిగిపోతుంటాయి, తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి వదిలేసిన మూడు దారులనూ ఇంగ్లీషులో చెప్పలేక ‘ఎస్ సర్’ అని ఊరుకుంటాడు. ఇంగ్లీషుకి ప్రెజెంటేషన్ గడి వేరే ఉంది కదా, అక్కడ వేయండి.

మార్కుల తేడా సంగతి. టెరెసా అమాబైల్ 1982లో ఇచ్చిన పద్ధతి దీనికి బాగా సరిపోతుంది. సారాంశం ఏమిటంటే, ఆ రంగం తెలిసినవాళ్లు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ముందున్నవాటిని ఒకదానితో ఒకటి పోల్చి రేటింగ్ ఇవ్వాలి. మన దగ్గర ఇలా చేయొచ్చు. ముగ్గురు అధ్యాపకులు, అందులో ఎవరూ ఆ బ్యాచ్ గైడ్ కాకూడదు. ప్రతి బ్యాచ్ ఇచ్చిన ఒక పేజీ డిజైన్ నోట్, ఒక ఫొటో. పేర్లు, రోల్ నంబర్లు తీసేయాలి. ముగ్గురికీ కాగితాలు వేర్వేరు వరసలో ఇవ్వాలి. లేకపోతే మొదటి రెండు చూసేటప్పుడు ఉన్న ఓపిక చివరి రెండింటికి ఉండదు, ఆ నష్టం ఎప్పుడూ అవే బ్యాచ్‌లకు పడుతుంది. మొత్తం పదిహేనూ ఒకసారి చదివాకే 1 నుంచి 7 మధ్య అంకె వేయాలి. ఆపైన ముగ్గురి అంకెలు పక్కపక్కన పెట్టి, ఎక్కువ తక్కువల మధ్య తేడా 2 దాటిన బ్యాచ్‌ల గురించి మాత్రమే మాట్లాడుకోవాలి. మొత్తం గంటన్నర పని.

మొదటిసారి చేసినప్పుడు తేడాలు ఎక్కువే వస్తాయి, కంగారు పడకండి. ఆ చర్చలో ఒకరు ‘దీంట్లో కొత్త అల్గారిథమ్ లేదు కదా’ అంటారు, ఇంకొకరు ‘కానీ మోటారు స్టార్టర్ తీసేయకుండా చేశారు చూడండి’ అంటారు. డిపార్ట్‌మెంట్‌కి ఒక ఉమ్మడి అర్థం ఏర్పడేది అక్కడే. గైడ్‌ని ప్యానెల్‌లో ఉంచడమే ఇందులో పెద్ద పొరపాటు. తన బ్యాచ్‌ని వెనకేసుకొస్తారు, లేదా మొహమాటానికి పోయి తక్కువ వేస్తారు. ఏది జరిగినా మార్కు చెడుతుంది.

పేటెంట్లు, హ్యాకథాన్‌ల గురించి రెండు ముక్కలు. రిపోర్టు వెనక ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని ఉంటే 10కి 10 వేసే అలవాటు మానండి. దరఖాస్తు చేసిన ప్రతిదీ 18 నెలలకు మామూలుగానే ప్రచురితమవుతుంది, ఫారం 9 కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది. కొత్తదనం ఉందో లేదో చూసే పరీక్ష ఫారం 18 వేసి కోరాకే జరుగుతుంది. ప్రచురణ అంటే ఎవరూ ఇంకా తూచలేదని అర్థం. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ 36 గంటలది. వేగం, జట్టుగా పనిచేయడం బాగా బయటపడతాయి. ఏది పొలంలో వారం రోజుల తర్వాత చెడుతుందో అక్కడ తెలియదు. సర్టిఫికెట్‌ని విలువైనదిగానే చూడండి, ఈ గడిలో మాత్రం కాదు.

పోలికకి మన దగ్గరి కొలబద్ద ఒకటుంది. పోచంపల్లి చీరలకు ఆసు పోసే (నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టే) యంత్రం చేసిన చింతకింది మల్లేశం ఇంజనీరింగ్ చదవలేదు. బడి మధ్యలోనే ఆగిపోయింది. ఆసు చేత్తో పోయాలంటే నూలును వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకే గంటలు పడుతుంది. తల్లి భుజం నొప్పి ఆయనకు కనబడిన సమస్య. 1999లో యంత్రం నిలబడింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఈ యంత్రాన్ని అప్పటికి పేరు తెలియని ఒక బ్యాచ్ ‘ఆటోమేటిక్ యార్న్ వైండర్’ అన్న టైటిల్‌తో మీ ముందు పెట్టిందనుకోండి. మోటారు, కదిలే చేయి, కొన్ని మేకులు. మీ పాత గడిలో దానికి ఎంత పడేది? కొత్త రూబ్రిక్ పెట్టేముందు ప్యానెల్‌లోని ముగ్గురి చేతా దీనికి అంకె వేయించి చూడండి, ఎవరి మనసులో ఏ కొలత ఉందో పది నిమిషాల్లో తేలుతుంది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే హెచ్‌వోడీ గారు ఒప్పుకోరు. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ పాత 12 ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌లో (పీఓలు, చదువు ముగిసేసరికి విద్యార్థికి రావాల్సినవి) డిజైన్‌ది మూడోది. 11కి కుదించిన కొత్త జాబితాలో ఆ మూడోదాంట్లోనే సృజనాత్మక పరిష్కారాలు అన్న మాట నేరుగా చేరింది. కాబట్టి ఈ 10 మార్కులను పీఓ3కి మ్యాప్ చేయండి, డిజైన్ నోట్లే ఎవిడెన్స్. బ్యాచ్‌కి ఒక్క పేజీ చొప్పున తేదీ, గైడ్ సంతకంతో ఫైల్లో పెడితే ఆడిట్‌కి ఇంకేమీ తయారు చేయనక్కర్లేదు. తేదీ తప్పనిసరి. లేదంటే చివరి వారంలో కూర్చుని ‘వదిలేసిన దారులు’ కూడా కల్పించి రాసుకొస్తారు. జీరో రివ్యూ రోజే ఆ పేజీ తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి, ఫైనల్ రివ్యూలో వాళ్ల ముందు పెట్టి ‘ఇందులో ఏది ఇంకా నిలబడింది?’ అని అడగండి.

ఎక్స్‌టర్నల్‌ని మీరు మార్చలేరు, ఆయన ఆ రోజు ఉదయమే వస్తారు, మధ్యాహ్నానికి బస్సో రైలో ఉంటుంది. కానీ ఆయన చేతికి మార్కుల షీట్‌తో పాటు ఆ పదిహేను డిజైన్ నోట్లు ఇచ్చి, పైన ఒక చీటీ మీద ఆ మూడు ప్రశ్నలు రాసి పెట్టొచ్చు. టీ తాగేలోపు చదివేస్తారు.